పైనుంచి చూస్తే ఏ ఊరు?

శ్రీహరికోటలో రాకెట్ లేచిందంటే నాయుడుపేటలో తెలిసిపోతుంది. జనం మిద్దెలెక్కుతారు. ఆగ్నేయ మూల నిప్పుముద్ద ఒకటి పైకి పోతుంది. వెనకాల తెల్లటి పొగ చార మిగులుతుంది. కాసేపటికి ఉరుములాంటి మోత వినిపిస్తుంది. ఆ తర్వాత ఎవరి పని వాళ్ళది.

ఇంతకీ ఆ రాకెట్ ఏం మోసుకుపోయింది? పైకి పోయింది అక్కడ ఏం చేస్తుంది?

రాకెట్లు మోసుకుపోయేవి ఎక్కువగా ఉపగ్రహాలు. కొన్ని ఉపగ్రహాలు టీవీ బొమ్మలు అందిస్తాయి. కొన్ని తుపాను కబురు చెబుతాయి. ఇంకొన్నిటికి భూమిని చూడటం, ఫోటో తీయడం, ఆ ఫోటోను కిందికి పంపడం, ఇదే పని. అవి భూమి చుట్టూ తిరుగుతూ వుంటాయి. నాయుడుపేటను చూసిన కన్నే పారిస్‌ను చూస్తుంది, కువైట్‌ను చూస్తుంది, న్యూయార్కును చూస్తుంది.

ఇట్లాంటి ఫోటోలు ఇప్పుడు అందరి కంటా పడుతున్నాయి. టీవీ వార్తల్లో వస్తాయి. పిల్లల పుస్తకాల్లో వుంటాయి. ఫోనులో మ్యాపు తెరిస్తే ఊరు మొత్తం పైనుంచి కనిపిస్తుంది. చూడగానే ఏమీ అర్థం కాదు. ఏవో గీతలు, మచ్చలు, డబ్బాలు. అక్షరాలు రాకముందు పుస్తకం కూడా అట్లాగే కనిపించింది కదా!

ముగ్గు చూసే చూపు

పైనుంచి చూడటం ఆడవాళ్ళకు కొత్త పని కాదు. ముగ్గు వేసే మనిషి వంగి, ముగ్గును పైనుంచే చూస్తుంది. అరుగు మీద కూర్చున్న వాళ్ళకు అదే ముగ్గు అణిగిపోయినట్టు కనిపిస్తుంది. మిద్దె ఎక్కి చూస్తే గుండ్రం గుండ్రంగా, చదరం చదరంగా కనిపిస్తుంది. ఉపగ్రహం ఊరిని చూసేది అట్లాగే.

నాయుడుపేటనే తీసుకుందాం. పైనుంచి చూస్తే ఇంటి తలుపు కనిపించదు. అంగడి బోర్డు కనిపించదు. కప్పు మాత్రమే కనిపిస్తుంది. మిద్దెలు తెల్లటి, బూడిదరంగు చదరాలు. పెంకుటిళ్ళు ఎర్రటి మచ్చలు. చెట్లు పచ్చటి కుచ్చులు. స్వర్ణముఖి నది అంటే నీళ్ళు వుంటాయనుకుంటాం. ఏడాదిలో ఎక్కువ రోజులు అది తెల్లటి వెడల్పాటి ఇసుక పట్టీ. మధ్యలో సన్నటి నీటి దారం వుంటే వుంటుంది, లేకపోతే లేదు.

రోడ్డును, రైలు దారిని ఎట్లా వేరు చేయాలి? రోడ్డు ఎక్కడపడితే అక్కడ మలుపు తిరుగుతుంది. రైలు పట్టాలు ఒక్కసారిగా మలుపు తిరగలేవు. నెమ్మదిగా, పెద్ద వంపుతో తిరుగుతాయి. అట్లాగే నది వెడల్పు ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ. కాలువ వెడల్పు చాలా దూరం ఒకే తీరుగా వుంటుంది. ఎందుకంటే కాలువ మనుషులు తవ్వింది.

నాయుడుపేటకు ఇంకో గుర్తు వుంది. చెన్నై నుంచి కలకత్తా పోయే పెద్ద రోడ్డు ఇక్కడి మీదుగానే పోతుంది. శ్రీకాళహస్తి, తిరుపతి పోయే రోడ్డు ఇక్కడే దాన్నుంచి చీలుతుంది. పైనుంచి చూస్తే పంగలకర్రలాగా వుంటుంది. ఉత్తరాన గూడూరు వుంది. అక్కడా పంగ వుంది. కానీ గూడూరులో చీలేది రైలు దారి. ఒక లైను చెన్నైకి, ఒక లైను రేణిగుంటకు. చూశారా? రైలు చీలితే గూడూరు. రోడ్డు చీలి, పక్కన నది, రైలు దారి వుంటే నాయుడుపేట. ఒక్క గుర్తు పట్టుకుని ఊరి పేరు చెప్పకూడదు. రెండు మూడు గుర్తులు కలవాలి.

ఒక మాట. నాయుడుపేట చాలా కాలం నెల్లూరు జిల్లాలో వుంది. 2022 ఏప్రిల్‌లో తిరుపతి జిల్లాలో కలిసింది. పైనుంచి చూస్తే జిల్లా హద్దులు మాత్రం కనిపించవు. అవి కాగితం మీద గీసిన గీతలు.

చుక్కల లెక్క

ఫోటో అంటే చుక్కల ముగ్గు. చుక్కలు ఎక్కువ పెడితే ముగ్గు వివరంగా వస్తుంది. తక్కువ పెడితే మోటుగా వస్తుంది.

భూమిని ఫోటో తీయడానికి మన దేశం 1988లో ఐ.ఆర్.ఎస్-1ఎ అనే ఉపగ్రహాన్ని పంపింది. అప్పట్లో మనకు అంత బరువు మోసే రాకెట్ లేదు. అప్పటి సోవియట్ దేశం నుంచి పంపారు. ఆ ఫోటోల్లో బాగా వివరంగా వున్న వాటిలో కూడా ఒక్కో చుక్క 36 మీటర్ల నేల. అంటే ఎకరం చేను మూడు చుక్కలు! 1994 అక్టోబరులో శ్రీహరికోట నుంచి మన రాకెట్టే ఇట్లాంటి ఉపగ్రహాన్ని మోసుకుపోయింది. 2005 మే నెలలో కార్టోశాట్-1 పోయింది. దాని చుక్క రెండున్నర మీటర్లు. ఎకరానికి ఇంచుమించు 650 చుక్కలు. 2019 నవంబరులో కార్టోశాట్-3 పోయింది. దాని చుక్క పావు మీటరు. అంటే జానెడు కన్నా కొంచెం ఎక్కువ. ఎకరానికి ఇంచుమించు 65 వేల చుక్కలు.

అది తిరిగే ఎత్తు 500 కిలోమీటర్ల పైమాట. నాయుడుపేట నుంచి హైదరాబాద్ ఎంత దూరమో, ఇంచుమించు అంత ఎత్తు. అంత ఎత్తు నుంచి జానెడు నేలను చూస్తుంది. అయినా మనిషి మొహం తెలియదు. మనిషి నడినెత్తి ఒకటో రెండో చుక్కలు, అంతే. కాబట్టి పెరట్లో తల దువ్వుకునే వాళ్ళు భయపడనక్కర లేదు.

మన ఉపగ్రహాలు తీసిన ఫోటోలు హైదరాబాద్ దగ్గర షాద్‌నగర్‌లో అందుకుంటారు. ఫోనులో కనిపించే ఫోటోలు అన్నీ మనవి కావు. వేరే దేశాల ఉపగ్రహాలు, విమానాలు తీసినవి చాలా వుంటాయి.

కొన్ని ఫోటోల్లో పచ్చటి పైరు ఎర్రగా కనిపిస్తుంది. అది తప్పు ఫోటో కాదు. మన కంటికి కనిపించని వెలుగు ఒకటి వుంది. పచ్చటి ఆకు ఆ వెలుగును బాగా వెనక్కి కొడుతుంది. కెమెరా దాన్ని పట్టుకుంటుంది. దానికి ఎరుపు రంగు వేసి చూపిస్తారు. ఎరుపు ముదురుగా వుంటే పైరు బాగున్నట్టు. మబ్బు పట్టిన రోజున మామూలు కెమెరాకు నేల కనిపించదు. అందుకే 2012లో రీశాట్-1 అనే ఉపగ్రహాన్ని శ్రీహరికోట నుంచి పంపారు. అది మబ్బుల గుండా కూడా చూడగలిగింది. వరద రోజున కావలసింది అట్లాంటి కన్నే.

గోపురం ఎక్కడ పోయింది?

శ్రీకాళహస్తి ఏదని అడిగితే అందరం గోపురం చెబుతాం. దూరం నుంచి బస్సులో వచ్చే వాళ్ళకు గోపురమే గుర్తు. కానీ సరిగ్గా పైనుంచి చూస్తే గోపురం పొడవు తెలియదు. దాని నెత్తి మాత్రమే కనిపిస్తుంది. మరి ఎట్లా గుర్తుపట్టాలి? నీడను చూసి. ఎత్తయిన దానికి పొడవాటి నీడ. పొట్టి దానికి పొట్టి నీడ. ఉపగ్రహాలు చాలావరకు ఉదయం పది, పదిన్నర వేళ ఫోటో తీస్తాయి. అప్పుడు నీడ పడమర వైపు పడుతుంది.

శ్రీకాళహస్తి పాత రాజగోపురాన్ని శ్రీకృష్ణదేవరాయలు 1516లో కట్టించాడు. అది 2010 మే నెలలో కూలిపోయింది. 2017లో కొత్త గోపురం పూర్తయింది. ఆ మధ్య ఏళ్ళలో తీసిన ఫోటోలో ఆ పాత నీడ వుండదు. అంటే గుర్తును బట్టి ఊరి పేరే కాదు, ఫోటో ఏ కాలంలో తీశారో కూడా చెప్పవచ్చు.

హైదరాబాదుకు గుర్తు చార్మినార్. పైనుంచి అది చిన్న చదరం, నాలుగు మూలలా నాలుగు చుక్కలు. దాని నాలుగు వైపులా నాలుగు వీధులు. కొత్తవాళ్ళకు అది వెంటనే దొరకదు. ముందు హుసేన్‌సాగర్‌ను వెతకాలి. ఊరి నడుమ అంత పెద్ద చెరువు వుంటే దాచినా దాగదు. చెరువులో తెల్లటి చిన్న చుక్క వుంటే అది బుద్ధ విగ్రహం. ఆ విగ్రహాన్ని 1990లో పడవ మీద తీసుకుపోతుండగా అది నీళ్ళలో పడిపోయింది. మనుషులు చనిపోయారు. 1992లో దాన్ని బయటికి తీసి నిలబెట్టారు. చెరువుకు దక్షిణంగా పోతే మూసీ నది అడ్డం వస్తుంది. అది దాటితే చార్మినార్.

విజయవాడ ఇంకా తేలిక. కృష్ణా నదికి అడ్డంగా సన్నటి గీత వుంటుంది. అది ప్రకాశం బ్యారేజి. 1957లో పూర్తయింది. గీతకు ఒక పక్క నిండా నీళ్ళు, రెండో పక్క ఇసుక తిన్నెలు కనిపిస్తాయి. నీళ్ళు నిండిన పక్క ఎగువ. ఇసుక పక్క దిగువ. నది ఎటు పారుతుందో ఎవరినీ అడగకుండానే తెలిసిపోయింది.

సముద్రాలు దాటి

ఇప్పుడు దూరపు ఊళ్ళు చూద్దాం. అదే చూపు, అవే గుర్తులు. ముందు నీళ్ళు, తర్వాత దారులు, ఆ తర్వాత పేరున్న కట్టడం.

నాయుడుపేట దగ్గరే పులికాట్ సరస్సు వుంది కదా. సముద్రం పక్కనే ఉప్పునీళ్ళు. సముద్రానికీ దానికీ నడుమ సన్నటి నేల. ఆ నేల మీదే శ్రీహరికోట. సూళ్ళూరుపేట నుంచి సరస్సు మీదుగా శ్రీహరికోటకు పొడవాటి రోడ్డు. ఇటలీ దేశంలో వెనిస్ అనే ఊరు వుంది. అది సరిగ్గా ఇట్లాంటి సరస్సు నడుమ వుంది. వందకు పైగా చిన్న చిన్న దీవులు కలిసి ఒక ఊరు. వీధుల చోట కాలువలు. ఇంటి నుంచి అంగడికి పడవలో పోతారు. ఒక పెద్ద కాలువ పాము మెలికలాగా ఊరి నడుమ తిరుగుతుంది. ఒడ్డు నుంచి ఊళ్ళోకి నీళ్ళ మీదుగా పొడవాటి వంతెన. దాని మీద రైలు కూడా పోతుంది. పులికాట్ తెలిసిన వాళ్ళకు వెనిస్ చప్పున తెలిసిపోతుంది.

కైరో ఈజిప్టు దేశపు ముఖ్య పట్టణం. చుట్టూ గోధుమరంగు ఎడారి. నడుమ నైలు నది. నదికి అటూ ఇటూ పచ్చటి పట్టీ, మన పెన్నా కింది ఆయకట్టులాగా. పచ్చదనం ఆగిపోయి ఎడారి మొదలయ్యే అంచు మీద పిరమిడ్లు వున్నాయి. పిరమిడ్ అంటే పక్కనుంచి చూస్తే రాళ్ళ కుప్ప, కొన మొన తేలి వుంటుంది. పైనుంచి చూస్తే చదరం, మూల నుంచి మూలకు రెండు గీతలు. పోస్టు కవరు వెనక వైపు గుర్తు తెచ్చుకోండి. పెద్ద పిరమిడ్ ఒక్కో పక్క 230 మీటర్లు. కట్టి నాలుగున్నర వేల ఏళ్ళయింది.

పారిస్‌ను మన ఆడవాళ్ళు ఇట్టే పట్టేస్తారు. ఆ ఊళ్ళో ఒకచోట గుండ్రటి కూడలి వుంది. దాన్నుంచి పన్నెండు రోడ్లు పన్నెండు వైపులకు పోతాయి. అచ్చం నక్షత్రం ముగ్గు. నడుమ పెద్ద తోరణం లాంటి కట్టడం. ఊరి మధ్యగా సేన్ నది వంపు తిరుగుతుంది. నదిలో రెండు చిన్న దీవులు. నది ఒడ్డున ఈఫిల్ టవర్. 1889లో ఇనుముతో కట్టారు. ఎత్తు 330 మీటర్లు. పైనుంచి చూస్తే నాలుగు కాళ్ళ చదరం, అంతే. పక్కన పడిన పొడవాటి నీడే దాన్ని పట్టిస్తుంది.

న్యూయార్కు నడిబొడ్డు ఒక పొడవాటి దీవి. పేరు మన్‌హాటన్. పడవలాగా వుంటుంది. వీధులు చాప అల్లినట్టు నిలువు, అడ్డం. ఆ చాప నడుమ పచ్చటి పొడవాటి ముక్క. అది తోట. నాలుగు కిలోమీటర్ల పొడవు, 843 ఎకరాలు. అన్ని మేడల నడుమ అంత నేలను ఎవరూ ఆక్రమించకుండా వుంచుకున్నారంటే మెచ్చుకోవాల్సిందే. దీవికి దక్షిణాన, నీళ్ళలో చిన్న దీవి మీద స్వేచ్ఛాదేవత విగ్రహం. దీవికి పడమర నది, నది అవతల న్యూజెర్సీ. అక్కడ తెలుగువాళ్ళు చాలామంది వున్నారు. దీవి దక్షిణపు కొన దగ్గర రెండు జంట మేడలు కనిపిస్తే అది పాత ఫోటో. వాటిని 2001 సెప్టెంబరులో విమానాలతో గుద్ది కూల్చేశారు.

ఇక కువైట్. ఈ పేరు వినని ఊరు నెల్లూరు, కడప ప్రాంతాల్లో లేదు. అక్కడ ఇళ్ళలో పనికి పోయిన అక్కలు, చెల్లెళ్ళు, కూతుళ్ళు ఎందరో. ఫోనులో మాట వినిపిస్తుంది. మనిషి ఎక్కడ వుందో ఇంట్లో వాళ్ళకు ఊహకు అందదు. కువైట్ నగరాన్ని పైనుంచి చూడండి. సముద్రం నేలలోకి చొచ్చుకొచ్చి వుంటుంది. ఆ ఒడ్డున ఊరు. ఒడ్డు నుంచి రోడ్లు సగం గుండ్రంగా, ఒకదాని వెనక ఒకటి. ఉల్లిపాయను సగానికి కోసినట్టు వుంటుంది. వాటికి ఒకటో రింగు, రెండో రింగు అని పేర్లు. ఒకటో రింగు రోడ్డు వున్నచోట పూర్వం ఊరి చుట్టూ మట్టి గోడ వుండేది.

సముద్రపు ఒడ్డున మూడు స్తంభాలు. ఒకదానికి రెండు గోళాలు, ఒకదానికి ఒక గోళం, మూడో దానికి గోళం లేదు. 1979లో జనం చూడటానికి తెరిచారు. అన్నిటికన్నా పొడవైనది 187 మీటర్లు. చూడటానికి నగలాగా మెరుస్తాయి. కానీ ఆ గోళాల్లో రెండింటిలో నీళ్ళు నిల్వ చేస్తారు. మన ఊరి వాటర్ ట్యాంకే, కాస్త సింగారించారు!

దుబాయ్ వేరు, కువైట్ వేరు. రెండూ ఒకటే అనుకునే వాళ్ళు వున్నారు. దుబాయ్ ఒడ్డున సముద్రంలో ఖర్జూరపు చెట్టు ఆకారంలో దీవి వుంటుంది. 2001లో పని మొదలుపెట్టి, ఇసుక పోసి చేశారు. ఎవరైనా ఆ చెట్టు దీవి ఫోటో చూపించి ఇదే కువైట్ అంటే నమ్మకండి. పనికి పంపేవాళ్ళు ఫోటో చూపించినప్పుడు టికెట్ మీద, వీసా మీద ఏ ఊరి పేరు వుందో కూడా కూడబలుక్కుని చదవాలి.

మన కయ్య ఫోటో

దూరపు ఊళ్ళు గుర్తుపట్టడం సరదా పనే. అదే చూపు కయ్య గట్టు మీద కూడా కావాలి.

మన భూములను ఇంచుమించు వందేళ్ళ కిందట గొలుసులతో కొలిచారు. ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబరులో భూముల రీసర్వే మొదలైంది. దీనికి డ్రోన్ వాడారు. డ్రోన్ అంటే మనిషి ఎక్కని చిన్న విమానం. అది పైన ఎగురుతూ పొలాలను ఫోటో తీస్తుంది. ఆ ఫోటో పట్టుకుని సర్వే వాళ్ళు పొలం దగ్గరికి వస్తారు. హద్దులు చూపించమంటారు. పట్టా ఆమె పేరున వున్నా, ఫోటో మీదికి వంగి వేలు పెట్టి చూపించేది ఎక్కువగా మగవాళ్ళే. ఆమె వెనకాల నిలబడి వుంటుంది. మగదిక్కు లేని ఇంట్లో అయితే పక్క రైతు చూపించిందే హద్దు అయిపోతుంది.

ఫోటోలో కయ్యను వెతకడం ఎట్లా? అన్ని కయ్యలూ ఒకే పచ్చగా వుంటే కళ్ళు తిరుగుతాయి. ముందు కదలని గుర్తు పట్టుకోవాలి. మోటారు కొట్టం, బావి, పెద్ద చింతచెట్టు, కాలువ వంపు. అక్కడి నుంచి కయ్యలు లెక్కపెట్టుకుంటూ రావాలి. గట్టు సన్నటి గీతలాగా కనిపిస్తుంది. చెట్టు కింద గట్టు వుంటే కొమ్మలు కప్పేస్తాయి. అక్కడ గీత తెగినట్టు వుంటుంది. నిజంగా తెగలేదు.

ఇంకొకటి చాలా ముఖ్యం. కెమెరాకు హద్దు తెలియదు. గట్టు ఎక్కడ వుంటే అక్కడే చూపిస్తుంది. పక్క రైతు దున్నుతూ దున్నుతూ గట్టును రెండు గజాలు లోపలికి జరిపి వుంటే, ఫోటోలో జరిపిన గట్టే వస్తుంది. అందుకని ఫోటోతో పాటు పాత సర్వే పటం కూడా అడగాలి. రెండూ పక్కపక్కన పెట్టి చూడాలి. పాత రాయి ఎక్కడ వుందో చూపించాలి. విస్తీర్ణం పాస్‌బుక్కులో వున్నంత వచ్చిందా అని చదువుకోవాలి. తేడా వుంటే అక్కడే చెప్పాలి. తహశీల్దారు కార్యాలయంలో కాగితం మీద రాసి ఇచ్చి, ఇచ్చినట్టు రసీదు తీసుకోవాలి. సంతకం ఇవన్నీ చూశాకే.

చేసి చూడండి

మీ వీధి పైనుంచి ఎట్లా వుంటుందో ముగ్గు పిండితో నేల మీద గీయండి. ఉత్తరం పైవైపుకు పెట్టండి. ముందు కాలువ లేదా చెరువు గీయండి. తర్వాత దారులు. తర్వాత గుడి, మసీదు, చర్చి, బడి, వాటర్ ట్యాంకు. ఇళ్ళను చదరాలుగా పెట్టండి. ఎవరి ఇల్లు ఏదో పేరు రాయకండి. పక్కింటి వాళ్ళను పిలిచి, వాళ్ళ ఇల్లు చూపించమని అడగండి.